ఎక్కువ ర్యామా, స్పీడ్ ర్యామా? ఒక పెళ్లి ఫోటో స్టూడియో కేస్ స్టడీ

గుంటూరు జిల్లాలోని ఒక ఫోటో స్టూడియోలో పక్కపక్క బల్లల మీద రెండు సిస్టమ్‌లు. రెండింట్లోనూ 16 జీబీ ర్యామే. రెండింటి మీదా కంప్లైంట్ ఒకటే: స్లో అయిపోయింది. కానీ ఒకదానికి కావాల్సింది ఎక్కువ ర్యామ్, పక్కదానికి కావాల్సింది వేగమైన ర్యామ్. పైకి చూస్తే ఈ తేడా కనపడదు, కొలిస్తేనే తెలుస్తుంది. ఎలా కొలిచామో, ఏం తేలిందో, చివరికి ఏం కొన్నామో మొత్తం రాస్తున్నాను. సిస్టమ్ మీదే బతుకుదెరువు ఉన్న చిన్న స్టూడియోల వాళ్లకి, డీటీపీ సెంటర్ల వాళ్లకి ఇది బాగా పనికొస్తుంది.

ఓనర్ అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చి ఫోన్ చేశారు. "తమ్ముడూ, రెండు సిస్టమ్‌లకీ 3600 స్పీడ్ ర్యామ్ వేసేయ్. 16 జీబీ ఉందిగా, సైజు చాల్లే. మూఢం అయ్యేలోపు రెడీ కావాలి, తర్వాత వరసగా పెళ్లిళ్లే." తెలిసిన కుర్రాడి గేమింగ్ సిస్టమ్ చూసొచ్చారట. పని నెమ్మదిగా సాగుతుంటే వేగం కొనుక్కోవాలనే ఎవరికైనా అనిపిస్తుంది, అందులో తప్పు లేదు. కాకపోతే 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. చిప్పులు చేసే కంపెనీలు ఏఐ సర్వర్ల మెమరీ వైపు మొగ్గేసరికి మామూలు సిస్టమ్‌లలో వాడే డీడీఆర్4, డీడీఆర్5 తరాల ర్యామ్ స్టిక్‌లకీ కొరత వచ్చింది. "వేసి చూద్దాంలే" అని కొనే రోజులు కావివి. "అన్నా, ముందు వచ్చి చూస్తాను, చూశాకే రేటు మాట్లాడుకుందాం" అన్నాను.

ఏ సిస్టమ్‌లో ఏముంది

మొదటిది ఆల్బమ్ డిజైనర్ కూర్చునే సిస్టమ్. ఇంటెల్ ఐ5-10400, బీ460 బోర్డు, 2666 స్పీడ్ డీడీఆర్4 స్టిక్‌లు రెండు, ఒక్కొక్కటి 8 జీబీ. విండోస్ 256 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలో (వేగమైన చిప్ డ్రైవ్‌లో) ఉంది, ఫోటోలన్నీ 2 టీబీ హార్డ్ డిస్క్‌లో. పని అంతా ఫోటోషాప్‌లో. వెనకాల లైట్‌రూమ్, క్రోమ్‌లో వాట్సాప్ వెబ్ ఎప్పుడూ తెరిచే ఉంటాయి.

రెండోది హైలైట్స్, టీజర్లు కట్ చేసే వీడియో సిస్టమ్. ఏఎండీ రైజెన్ 5 5600జీ, రెండే ర్యామ్ స్లాట్లున్న ఏ520 బోర్డు, అందులో 16 జీబీ 3200 స్టిక్ ఒక్కటే. గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లోనే ఉన్న వేగా గ్రాఫిక్స్‌తో నడిపిస్తున్నారు. డావిన్చీ రిసాల్వ్‌లో ఎడిటింగ్.

ఈ వివరాలు వినగానే ఒక విషయం తేలిపోయింది. ఐ5-10400 అధికారికంగా తీసుకునేది 2666 వరకే. బీ460 చిప్‌సెట్ (బోర్డులోని కంట్రోల్ చిప్) మెమరీని అంతకు మించి పరిగెత్తించనివ్వదు, హెచ్410 కూడా అంతే. ఆ తరంలో మెమరీ స్పీడ్ పెంచుకోవాలంటే జెడ్490 బోర్డు ఉండాలి. అంటే ఓనర్ అడిగిన 3600 కిట్ ఆల్బమ్ సిస్టమ్‌లో వేసినా అది నడిచేది 2666 దగ్గరే. డబ్బు 3600కి, పని 2666కి. షాపులో బాక్స్ మీద అంకె చూసి కొనేముందు మన ప్రాసెసర్, మన బోర్డు ఎంతవరకు ఒప్పుకుంటాయో చూసుకోవాలి. దీనికి రూపాయి ఖర్చు లేదు. అయినా ఈ ఒక్కటి చూసుకోక డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఇంతమంది ఉండటం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఆల్బమ్ షీట్ ఎంత ర్యామ్ తింటుంది

డిజైనర్ కుర్రాడు చెప్పింది ఇది: "అన్నా, మొదటి షీట్ బాగానే ఉంటది. మూడు నాలుగు తీసేసరికి మౌస్ గిరగిరా తిరుగుద్ది. సేవ్ కొట్టి టీ తాగొచ్చినా అవ్వదు." ఇందులోనే సగం రోగం తెలిసిపోతుంది. స్పీడ్ తక్కువైతే మొదటి షీట్ కూడా నెమ్మదిగానే ఉండాలి. కొంతసేపు బాగుండి, పని పోగయ్యే కొద్దీ ఉన్నట్టుండి చతికిలబడితే ముందు అనుమానించాల్సింది చోటు చాలడం లేదని.

లెక్క వేసి చూద్దాం. మన దగ్గర పెళ్లి ఆల్బమ్ షీట్ మామూలుగా 12×36 అంగుళాలు, 300 డీపీఐ. అంటే 3600×10800, మొత్తం 3 కోట్ల 88 లక్షల 80 వేల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి రంగుకొక బైటు చొప్పున మూడు బైట్లు. షీటంతా పరుచుకున్న ఒక్క లేయర్‌కే సుమారు 111 ఎంబీ. 16 బిట్‌లో పెడితే దానికి రెట్టింపు. ఫోటోషాప్ లేయర్‌లో బొమ్మ ఉన్న మేరకే లెక్కగడుతుంది కాబట్టి చిన్న ఫ్రేములు, పూలదండల పీఎన్‌జీలు పెద్ద బరువు కావు. కానీ బ్యాక్‌గ్రౌండ్, దాని మీద టెక్స్చర్, అన్నీ కలిపి మెర్జ్ చేసి పైన పెట్టుకున్న లేయర్, ఇవన్నీ షీట్ అంతటినీ కమ్మేవే. తలంబ్రాల ఫోటో ఒకటి స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా పెడితే, 24 మెగాపిక్సెల్ కెమెరాదైతే, తెరిచినప్పుడు అదొక్కటే 70 ఎంబీ దాకా ఉంటుంది. ఒక షీట్‌లో అలాంటివి ఆరేడు.

దీనికి తోడు హిస్టరీ. ఫోటోషాప్ మామూలుగా 50 స్టెప్పులు గుర్తు పెట్టుకుంటుంది. షీటంతటికీ ఒక ఫిల్టర్ వేస్తే, వెనక్కి రావడానికి వీలుగా పాత రూపాన్ని కూడా దాచుకోవాలి. అలా ఏడెనిమిది షీట్లు ఒకేసారి తెరుస్తాడు మన డిజైనర్, ఎందుకంటే ఒక షీట్‌లోని డిజైన్ ఇంకో షీట్‌లోకి లాగి వాడుకోవాలి. అది అలవాటు లోపం కాదు, ఆల్బమ్ పనే అలా ఉంటుంది. విండోస్, క్రోమ్, లైట్‌రూమ్ వాటా పోగా మిగిలినదాంట్లో ఫోటోషాప్ డిఫాల్ట్‌గా తీసుకునేది 70 శాతం. 16 జీబీ ఉందన్నమాటే గానీ షీట్లకి దక్కేది అందులో సగం కాస్త అటూ ఇటూ.

నిండిపోయాక ఏం జరుగుతుందన్నదే అసలు సంగతి. ర్యామ్‌లో పట్టనిది డిస్క్ మీదకి పోతుంది. విండోస్ పేజ్ ఫైల్ అంటుంది, ఫోటోషాప్ స్క్రాచ్ డిస్క్ అంటుంది. ర్యామ్ నుంచి ఒక ముక్క తెచ్చుకోవడానికి ప్రాసెసర్‌కి సుమారు 80 నానో సెకన్లు పడుతుంది. అదే ముక్క ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ నుంచి కావాలంటే సుమారు 80 మైక్రో సెకన్లు, అంటే వెయ్యి రెట్లు. 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ అయితే హెడ్ కదిలి, పళ్లెం తిరిగి, 12 మిల్లీ సెకన్లు. ర్యామ్‌కి పట్టేది ఒక్క సెకను అనుకుంటే ఎస్‌ఎస్‌డీకి పదిహేడు నిమిషాలు, హార్డ్ డిస్క్‌కి దాదాపు రెండు రోజులు.

ఇప్పుడు స్పీడ్ ర్యామ్ కొంటే ఎంత మిగులుతుందో దీని పక్కన పెట్టండి. స్టిక్ మీద సీఎల్ అనే అంకె ఉంటుంది, అడిగిన డేటా ఇవ్వడం మొదలుపెట్టడానికి ర్యామ్ చేసే ఆలస్యం అది. మామూలు 2666 సీఎల్19 స్టిక్‌లో ఆ ఆలస్యం 14.25 నానో సెకన్లు. 3200 సీఎల్16లో సరిగ్గా 10. మరి 3600 సీఎల్18లో? అందులోనూ 10 నానో సెకన్లే. సీఎల్ అంకెని 2000తో గుణించి స్పీడ్ అంకెతో భాగిస్తే ఈ లెక్క వస్తుంది, ఫోన్ క్యాలిక్యులేటర్ చాలు. అంటే మొత్తం 80లో తగ్గేది నాలుగు నానో సెకన్లు. డిస్క్ దాకా పోయి రావాల్సి వచ్చిన సిస్టమ్‌కి ఆ నాలుగుతో ఒరిగేదేం లేదు.

స్పీడ్ తగ్గించి చూడటం

నేను ఎక్కడికెళ్లినా చేసే పరీక్ష ఒకటుంది, ఈ కేసులో అత్యంత ఉపయోగపడింది కూడా అదే. ఎక్కువ స్పీడ్ ర్యామ్ కొనకముందే స్పీడ్ వల్ల లాభముందో లేదో తెలుసుకోవచ్చు: బయోస్‌లోకి (సిస్టమ్ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే బోర్డు సెట్టింగ్స్‌లోకి) వెళ్లి ఉన్న స్పీడ్‌ని ఇంకా తగ్గించండి. అదే పని మళ్లీ చేయండి. తగ్గించినా పని టైమ్ మారలేదంటే పెంచినా మారదు. తగ్గించగానే గట్టి దెబ్బ తగిలిందంటే ఆ పనికి స్పీడే ప్రాణం, అక్కడ డబ్బు పెట్టొచ్చు.

దానికి ముందు ఎప్పుడూ ఒకేలా ఉండే పని ఒకటి కావాలి. డిజైనర్‌తో కూర్చుని, పూర్తయిన ఆల్బమ్ ఒకదాని షీట్లు ఎనిమిది తీసుకుని ఒక యాక్షన్ (ఫోటోషాప్ తనంతట తానే మళ్లీ చేసే పనుల వరస) రికార్డ్ చేశాం: అన్నీ తెరవడం, కెమెరా రా ఫిల్టర్, షార్పెన్, ఫ్లాటెన్, జేపెగ్‌గా సేవ్. వెనకాల లైట్‌రూమ్, వాట్సాప్ వెబ్ రోజూ ఉన్నట్టే ఉంచాం. అవి మూసేసి కొలిస్తే ఆ కొలతకి విలువ లేదు.

ఫోటోషాప్ కింద ఎడమ మూలన స్టేటస్ బార్‌లో చిన్న బాణం గుర్తు ఉంటుంది. అది నొక్కి ఎఫిషియెన్సీ అనేది ఎంచుకుంటే ఒక శాతం కనిపిస్తుంది. నూరు ఉంటే పని అంతా ర్యామ్‌లోనే జరుగుతున్నట్టు, నూరు కంటే తగ్గిందంటే స్క్రాచ్ డిస్క్‌ని వాడుకుంటున్నట్టు. ఇంత తేలికైన మీటర్ పక్కనే పెట్టుకుని చాలామంది డిజైనర్లు దాన్ని ఒక్కసారి కూడా చూసి ఉండరు. ఇక్కడ నాలుగో షీట్ తెరిచేసరికి నూరు నుంచి జారడం మొదలై అరవైల్లోకి వచ్చింది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూస్తే ఇన్ యూజ్ నిండా ఉంది, కమిటెడ్ అంకె 25 జీబీ దాటింది. ఉన్న ర్యామ్ 16, ప్రోగ్రాములు అడిగింది 25. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. అయినా ఓనర్ కళ్లముందే తేలాలని కొలత కొనసాగించాం.

మొదటిసారి యాక్షన్ పూర్తవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. హార్డ్ డిస్క్ గ్రాఫ్ నూరు శాతం దగ్గర అతుక్కుపోయి ఉంది. ప్రిఫరెన్సెస్‌లో చూస్తే స్క్రాచ్ డిస్క్‌గా పెట్టింది డీ డ్రైవ్, అంటే ఫోటోలున్న ఆ హార్డ్ డిస్కే. సీ డ్రైవ్‌లో పాత డౌన్‌లోడ్లు, ఇన్‌స్టాలర్లు తీసేసి చోటు చేసి, స్క్రాచ్‌ని ఎన్‌వీఎంఈ మీదకి మార్చాం. హిస్టరీని 50 నుంచి 20కి దించాం. టైమ్ ఆరున్నర నిమిషాలకి వచ్చింది. ఇదంతా ఉచితం. ర్యామ్ కొనకముందు ఇది చేయకపోతే, తర్వాత వచ్చిన లాభంలో ర్యామ్ వాటా ఎంతో, సెట్టింగ్ వాటా ఎంతో తెలియదు.

ఇప్పుడు అసలు పరీక్ష. బయోస్‌లో మెమరీని 2666 నుంచి 2133కి దించాను. రెండు ఛానెళ్లు (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా దారులు) కలిపి సెకనుకి 42.7 జీబీ మోసే దారి 34.1కి కుదించుకుపోయింది, అంటే ఐదో వంతు పోయింది. మళ్లీ యాక్షన్ నడిపితే ఆరున్నర నిమిషాల మీద పది సెకన్ల తేడా కూడా రాలేదు. ఓనర్ తన ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పక్కనే నిలబడి చూశారు. "అదేంటి, తగ్గించినా ఏం కాలేదే!" అన్నారు. "పెంచినా అంతేనన్నా" అన్నాను.

స్పీడ్‌ని ఆ 2133 దగ్గరే ఉంచి, నా బ్యాగ్‌లో టెస్టింగ్ కోసం పెట్టుకునే 16 జీబీ స్టిక్‌లు రెండు వేశాను. 32 జీబీ, అదీ నెమ్మది స్పీడ్‌లో. ఎఫిషియెన్సీ చివరిదాకా నూరు దగ్గరే నిలిచింది. పని నాలుగు నిమిషాల్లోపు అయిపోయింది. తర్వాత 2666కి పెంచితే ఇంకొన్ని సెకన్లు తగ్గాయి, అంతే.

పక్క బల్ల మీద కథ వేరు

వీడియో సిస్టమ్ దగ్గర కంప్లైంట్ స్వభావమే వేరు. ఇక్కడ మొదట బాగుండి తర్వాత చతికిలబడటం లేదు. ఒక్క క్లిప్ వేసి కలర్ గ్రేడ్ పెట్టగానే, మొదటి నిమిషం నుంచే ప్లేబ్యాక్ తెగి తెగి వస్తుంది. రిసాల్వ్‌లో వ్యూయర్ పైన ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) అంకె ఉంటుంది. 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో అది ఎర్రగా మారి 17, 18 మధ్య కొట్టుకుంటోంది.

టాస్క్ మేనేజర్ తెరిచాం. మెమరీలో వాడకం పదకొండు జీబీ లోపే, ఇంకా చోటుంది. రిసోర్స్ మానిటర్‌లో హార్డ్ ఫాల్ట్స్ దాదాపు సున్నా, అంటే డిస్క్ దాకా పోవాల్సిన అవసరమే రావడం లేదు. గ్రాఫిక్స్ గ్రాఫ్ మాత్రం పైకప్పుకి తగులుతోంది. మెమరీ పేజీలోనే ఇంకో లైన్: స్లాట్స్ యూజ్డ్, రెండింట్లో ఒకటి.

అదీ విషయం. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాని మెమరీ దానికుంటుంది. 5600జీ లాంటి ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, మెయిన్ ర్యామ్ నుంచే తెచ్చుకోవాలి. వీడియోలో ప్రతి ఫ్రేము ర్యామ్‌లోకి రావాలి, రంగు మార్చుకోవాలి, మళ్లీ ర్యామ్‌లోకి పోవాలి, అక్కడి నుంచి స్క్రీన్‌కి. సెకనుకి 25 సార్లు. 3200 స్టిక్ ఒక్కటే ఉంటే ఛానెల్ ఒక్కటే, సెకనుకి 25.6 జీబీ. అదే 16 జీబీని రెండు 8 జీబీ స్టిక్‌లుగా వేస్తే రెండు ఛానెళ్లు, 51.2 జీబీ. సైజు అంతే, దారి రెట్టింపు. అమ్మినవాళ్లు ఒకే స్టిక్ ఇవ్వడానికి కారణం కూడా అర్థం చేసుకోదగ్గదే, తర్వాత ఇంకోటి పెంచుకోవచ్చని. కానీ ఆ "తర్వాత" సాధారణంగా రాదు. గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌ని ఒక్క స్టిక్‌తో అమ్మకూడదనేది నా గట్టి అభిప్రాయం.

ఇక్కడా అదే పరీక్ష. 3200 నుంచి 2400కి దించాను. వెంటనే దెబ్బ తగిలింది: 17, 18 కాస్తా 13, 14కి పడిపోయింది. ఆల్బమ్ సిస్టమ్‌లో స్పీడ్ తగ్గించినా చలనం లేదు, ఇక్కడ తగ్గించిన మేరకి తగ్గింది. ఇది స్పీడ్ కోసం ఆకలితో ఉన్న సిస్టమ్. ర్యామ్‌ని 32 చేసినా, అదీ ఒక్క స్టిక్‌గానే అయితే, ప్లేబ్యాక్ ఇలాగే తెగుతుంది.

ఒక్క స్టిక్‌తో రెండు పనులు

కొలతలన్నీ కాగితం మీద రాసుకున్నాక దారి దానంతటదే కనపడింది. ఆల్బమ్ సిస్టమ్‌లో 8 జీబీవి రెండున్నాయి. వీడియో సిస్టమ్‌కి కావాల్సింది సరిగ్గా అలాంటి జత. వీడియో సిస్టమ్‌లో 16 జీబీది ఒకటుంది. ఆల్బమ్ సిస్టమ్‌కి కావాల్సింది అలాంటివి రెండు. అంటే రెండింటినీ అటూ ఇటూ మార్చి, అదే మోడల్ 16 జీబీ స్టిక్ ఒక్కటి కొంటే చాలు. ఓనర్ అడిగింది రెండు సిస్టమ్‌లకీ కొత్త కిట్లు, చివరికి బిల్లు పడింది ఒక్క స్టిక్‌కి.

డిజైనర్ ఒక మంచి ప్రశ్న వేశాడు. "అన్నా, ఆ కొత్త 16 నా సిస్టమ్‌లోనే ఉన్నవాటికి కలిపేస్తే 32 అవుద్దిగా?" అవుతుంది. బీ460 బోర్డులో నాలుగు స్లాట్లున్నాయి. ఒక ఛానెల్‌లో 16, రెండో ఛానెల్‌లో 8, 8 పెడితే రెండు వైపులా సమానంగా 16 పడి డ్యూయల్ ఛానెల్ కూడా నిండుగా నడుస్తుంది. ఖర్చు కూడా అంతే. కాకపోతే వీడియో సిస్టమ్ ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. మార్చుకుంటే అదే డబ్బుకి రెండూ బాగుపడతాయి.

ఇందులో ఒక ఇబ్బందీ ఉంది. వీడియో సిస్టమ్‌లోకి వెళ్లే పాత స్టిక్‌లు 2666వి. రెండు ఛానెళ్లు కలిపితే 42.7 జీబీ, 3200 జత ఇచ్చే 51.2 కాదు. పైగా రైజెన్‌లో లోపలి భాగాలని కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ అనే లింకు మెమరీతో సమంగా అడుగేస్తుంది కాబట్టి అదీ 1600 నుంచి 1333కి దిగుతుంది, ప్రాసెసర్ వైపు కాస్త నష్టం. ఆ నష్టం కంటే రెండో ఛానెల్ వల్ల వచ్చే లాభం చాలా పెద్దది. అయినా ఊహతో వదలకుండా రెండు జతలూ వేసి చూశాం. నా దగ్గరున్న 3200 జతతో ప్లేబ్యాక్ 25 దగ్గర నిలబడింది. పాత 2666 జతతో ఎక్కువసేపు 25, బ్లర్ వేసిన బరువైన షాట్లలో 22 దాకా జారుతోంది. ఎడిటర్‌ని అడిగితే "ఇది చాలన్నా, ఇదివరకు కట్ పాయింట్ కూడా కనపడేది కాదు" అన్నాడు. డబ్బు చేతికొచ్చాక 3200 జతకి మారొచ్చని ఓనర్‌కి రాసిచ్చాను. 3600 దాటి మాత్రం వెళ్లొద్దని కూడా రాశాను. రైజెన్ 5000 సిరీస్‌లో చాలా ప్రాసెసర్లు ఆ ఫ్యాబ్రిక్‌తో సమంగా హాయిగా నడిచేది 3600 దాకానే. అది విడిపోతే స్పీడ్ అంకె పెరుగుతుంది గానీ ఆలస్యం కూడా పెరుగుతుంది.

బిగించే పని గురించి రెండు మాటలు. పాత స్టిక్‌ల కాంటాక్ట్‌లని మెత్తటి రబ్బరుతో తుడిచి, పొడి పోయేలా బ్రష్ కొట్టాం. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్‌లు వేసేటప్పుడు ప్రాసెసర్ పక్క నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో వేయాలి. పక్కపక్కన మొదటి రెండింట్లో వేస్తే ఒకే ఛానెల్‌లో పడతాయి, ఖర్చంతా పెట్టి సగం దారే వాడుకున్నట్టవుతుంది. తర్వాత సీపీయూ-జెడ్‌లో చూసి డ్యూయల్ అని వచ్చిందో లేదో నిర్ధారించుకున్నాం. అందులో ఫ్రీక్వెన్సీ సగమే కనిపిస్తుంది, 2666కి 1333 అని. డీడీఆర్ లెక్క అంతే, కంగారు పడక్కర్లేదు. రాత్రంతా రెండింటి మీదా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపి, ఒక్క ఎర్రర్ కూడా లేదని చూశాకే తాళాలు ఓనర్ చేతికిచ్చాం. పెళ్లి ఫోటోలు మళ్లీ తీయలేం. ర్యామ్‌లో ఒక్క బిట్ తప్పితే ఫైలు పాడవుతుంది, అది కస్టమర్ ఆల్బమ్ కావొచ్చు. ఈ పరీక్ష చేయకుండా సిస్టమ్ అప్పగించడం నా దృష్టిలో పని సగంలో వదిలేయడమే.

మిగిలిన డబ్బులో కొంత పెట్టి ఆల్బమ్ సిస్టమ్‌కి 1 టీబీ ఎన్‌వీఎంఈ వేయమన్నాను. నడుస్తున్న పెళ్లి ఫోటోలు అందులో, డెలివరీ అయినవి హార్డ్ డిస్క్‌లో. 32 జీబీ కూడా నిండే రోజు వస్తుంది, ఆ రోజు స్క్రాచ్ పడేది ఇక హార్డ్ డిస్క్ మీద కాదు.

ఇంకొందరి సంగతి

ఈ మధ్య ఇంజనీరింగ్ పిల్లలు ఏఐ మోడళ్లు సొంత సిస్టమ్‌లో నడపాలని వస్తున్నారు. వాళ్ల దగ్గర ఈ ప్రశ్నకి రెండు సగాలూ ఒకేసారి వస్తాయి. 800 కోట్ల పారామీటర్ల (మోడల్ నేర్చుకున్న అంకెల) మోడల్‌ని 4 బిట్‌కి కుదిస్తే సుమారు 5 జీబీ. అది ర్యామ్‌లో పట్టకపోతే నడవడం మాట మర్చిపోవాలి. పట్టాక, ఒక్కో టోకెన్‌కి (మోడల్ రాసే ఒక్కో మాట ముక్కకి) ఆ 5 జీబీ మొత్తం చదవాలి. 51.2 జీబీ దారి ఉంటే సెకనుకి పది టోకెన్ల దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతుంది, ప్రాసెసర్ ఎంత గొప్పదైనా. ముందు పట్టేంత చోటు, ఆ తర్వాత ఎంత స్పీడ్ దొరికితే అంత.

ల్యాప్‌టాప్ కొనేవాళ్లకి మాత్రం నేను మారు ఆలోచన లేకుండా సైజే చెబుతాను. పల్చటి మోడళ్లలో ఎల్‌పీడీడీఆర్ మెమరీ బోర్డుకి సోల్డర్ చేసి ఉంటుంది, తర్వాత పెంచే వీలే లేదు. కొన్న రోజు ఎంత ఉందో చివరిదాకా అంతే.

ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని బాక్స్ మీదున్న స్పీడ్‌లో నడిపించే బయోస్ సెట్టింగ్, దాని గురించి కూడా చెప్పాలి. చాలామంది దగ్గర 3200 స్టిక్‌లు ఉంటాయి, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోవడం వల్ల 2133 లేదా 2400 దగ్గర నడుస్తుంటాయి. ఏఎండీ బోర్డుల్లో డీఓసీపీ అని గానీ, డీడీఆర్5లో ఎక్స్‌పో అని గానీ ఉంటుంది. కొత్తది కొనేముందు టాస్క్ మేనేజర్‌లో స్పీడ్ లైన్ చూసుకోండి. బోర్డు ఒప్పుకునేదైతే, ఇప్పటికే డబ్బు కట్టిన స్పీడ్ అక్కడే పడి ఉండొచ్చు.

కొత్త సిస్టమ్ కోట్

సీజన్‌కి ముందు ఓనర్ మూడో సిస్టమ్ కూడా అడిగారు, మల్టీక్యామ్ (ఒకేసారి పలు కెమెరాలతో తీసిన) 4కే ఎడిటింగ్‌కి, రైజెన్ 7000 సిరీస్ మీద. ఈసారి ఆయన ప్రశ్న మారింది: "ముందు 16వి రెండేసి, తర్వాత ఇంకో రెండు పెంచుకుందామా?" డీడీఆర్4లో అయితే సరేననేవాణ్ణే. డీడీఆర్5లో ఆ లెక్క తిరగబడుతుంది. ఈ ప్రాసెసర్లకి ఏఎండీ చెప్పిన అధికారిక స్పీడ్ రెండు స్టిక్‌లతో 5200. నాలుగు స్లాట్లూ నింపితే 3600కి దిగిపోతుంది. రెండు ఛానెళ్లు కలిపి 83.2 జీబీ నుంచి 57.6కి. కొందరు బయోస్‌లో చేయి పెట్టి నాలుగింటినీ ఇంకా పైకి నడిపిస్తారు, నిజమే, కానీ సీజన్ మధ్యలో క్రాష్ అయితే ఎడిటర్ పని ఆగిపోతుంది, ఆ టెన్షన్ స్టూడియోకి అనవసరం.

అందుకని కోట్‌లో రెండు దారులు రాసిచ్చాను. ఇప్పుడే 32 జీబీ స్టిక్‌లు రెండు, మొత్తం 64. లేదా ఇప్పటికి 16వి రెండు, పెంచాల్సి వచ్చినప్పుడు వాటిని అమ్మేసి 32వి రెండు. నాలుగు స్టిక్‌ల దారి రాయలేదు. మల్టీక్యామ్‌లో నాలుగు 4కే ట్రాకులు ఒకేసారి నడిపించి, కమిటెడ్ అంకె ఎంత దాకా పోతుందో ఆల్బమ్ సిస్టమ్ మీదే చూపించాను. 40 దాటింది. ఓనర్ మొదటి దారికే టిక్ పెట్టారు, గ్రాఫిక్స్ కార్డుని ఒక మెట్టు తగ్గించుకుని.